ఇంటి వాడకం పద్దు

పొలసర
6 మే 2025

సుధకి,

నిన్న ఫోను నువ్వే పెట్టేశావు. ఏదో ఆర్డరు వచ్చిందన్నావు. ఆడపడుచు మాట కన్నా ఎవరిదో పుట్టినరోజు కేకు ముఖ్యమైనప్పుడు నేను మాత్రం ఫోన్లు ఎందుకు చెయ్యాలి? ఇకమీదట ఉత్తరాలే రాస్తాను. ఉత్తరాన్ని సగంలో పెట్టెయ్యలేవు. నెలనెలా నాన్న కొట్టు నుంచి నాకు సరుకు వచ్చే సంచిని కండక్టరు పైడన్న ఖాళీగా వెనక్కి తెస్తాడు కదా, దాని అడుగున పెడుతున్నాను. దాన్ని దులిపి మడత పెట్టేది నువ్వే కాబట్టి మరెవరి కంటా పడదు.

ఠకురాణి అమ్మవారి యాత్రకి బరంపురం వచ్చి నాలుగు రోజులున్నాను. ఊరంతా అమ్మవారిని చూసింది. నేను మా నాన్న కొట్టు చూశాను. పై అరలు ఖాళీ. పప్పు డబ్బాల్లో అడుగున గుప్పెడు. నేను అక్కడ ఉండగానే పిండి మిల్లు ఏజెంటు వచ్చి, రెండు లక్షల నలభై వేలు బాకీ ఉంది, దసరాలోగా కట్టకపోతే సరుకు ఆపేస్తానని నలుగురి ముందూ అరిచాడు. మా నాన్న రామచంద్రరావుగారు వస్తున్నారంటే బరంపురం బొడొబజారులో అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. అలాంటి మనిషి డెబ్భై రెండేళ్ల వయసులో ఆ ఏజెంటుకి మజ్జిగ ఇప్పించి, కుర్చీ వేసి, బతిమాలారు. ఏమైందని తర్వాత అడిగితే, "సరుకు ఎల్తంది, డబ్బు రాటం లేదమ్మా" అని మాత్రం అన్నారు.

ఎక్కడికి వెళ్తోందో నాకు చెప్పక్కర్లేదు. కొట్టు పక్క గదిలో, ఒకప్పుడు బెల్లం దిమ్మలు పేర్చుకునే గదిలో, నీ ఓవెన్ ఉంది. దాని పక్కన రెండు మైదా బస్తాలు, పంచదార, నూనె డబ్బాలు. కొట్టులో లేని సరుకంతా అక్కడ ఉంది. గుడ్డు లేకుండా ఆ కేకులు ఎలా పొంగుతున్నాయో కూడా నాకు అనుమానమే. పాపం అమ్మ మాత్రం నిన్ను నమ్ముతోంది.

నలభై ఎనిమిది వేలు పోసి ఆ ఓవెన్ అనే ఇనప్పెట్టె కొన్నారట. దసరాలోగా దాన్ని అమ్మేసి, వచ్చింది ఏజెంటు మొహాన కొట్టండి. హేముతో కూడా ఈ మాటే అన్నాను. తమ్ముడు కాదనలేదు. నీ సరదాకి మా నాన్న పరువు పోవడం నేను చూస్తూ కూర్చోను.

విజయ వదిన

*

బరంపురం
14 మే 2025

వదినకి, నమస్కారాలు.

మీ సంచి మళ్లీ బయల్దేరే ఒకటో తారీకు దాకా నా కోపం ఆగేలా లేదు. అందుకే పోస్టులో వేస్తున్నాను.

సరదా అన్నారు. మీ తమ్ముడు ఇంటి ఖర్చుకని నా చేతిలో చివరిసారి డబ్బు పెట్టింది పోయిన దసరాకి. రెండు వేలు. ఆ తర్వాత ఈ ఇంట్లోకి పాలు ఎలా వస్తున్నాయో, కరెంటు ఎందుకు పోవడం లేదో ఆయన అడగలేదు, మీరూ అడగలేదు. పాలకి రెండు వేల వంద. కరెంటుకి రెండు వేల ఆరు వందలు. అత్తయ్య బీపీ మాత్రలకి పంతొమ్మిది వందలు. బాబు స్కూలుకి రెండు వేల ఎనిమిది వందలు. గ్యాసు, కూరలు, పెళ్లిళ్లకి చదివింపులు వేరే. మీరు యాత్రకి వచ్చినప్పుడు అత్తయ్య మీ చేతిలో పెట్టిన చీర ఏ డబ్బుతో కొన్నదనుకున్నారు? ఇనప్పెట్టె డబ్బుతోనే.

గుడ్డు మాట కూడా ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. గుడ్డు వేస్తే నాకు ఏడెనిమిది రూపాయల్లో అయిపోయే పని. కోమటింట్లో ఆ పెంకు కూడా కనపడకూడదు కాబట్టి చిక్కటి పాల డబ్బా వాడుతున్నాను. డబ్బా నూట నలభై. నా చేతులు వాసన చూడనక్కర్లేదు, మీ అమ్మగారే రోజూ పక్కన కూర్చుని క్రీము డబ్బాలకి మూతలు పెడుతున్నారు.

ఇక కొట్టు సరుకు. మొదటి నెలలోనే మామయ్య దగ్గరికి డబ్బు పట్టుకెళ్లాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఇంటి కోడలి సేతి డబ్బు గల్లాలో ఎయ్యనమ్మా. అలాగ ఏస్తే కొట్టు నిలవదు" అన్నారు. మరో రెండుసార్లు కూడా అడిగాను, అదే మాట. తీసుకెళ్లిన సరుకుని చిట్టాలో ఇంటి వాడకం కింద రాసుకుంటానన్నారు. నేను దొంగతనంగా ఏమీ మోసుకుపోలేదు. మీ నాన్నగారినే అడగండి.

అర్ధకిలో కేకు నేను రెండు వందల ఎనభైకి ఇస్తాను. ఊళ్లో మిగతావాళ్లు మూడు వందల ఎనభై. అందుకే నెలకి డెబ్భై ఆర్డర్లు వస్తున్నాయి. బిస్కెట్లతో కలిపి ఇరవై నాలుగు వేలు. క్రీము, అట్టపెట్టెలు, డెలివరీ తీసేస్తే పదిహేను వేలు నికరంగా నా చేతిలో మిగులుతున్నాయి. కొట్టు నుంచి మీ తమ్ముడు ఎంత తెస్తున్నారో ఆయన్నే అడిగి నాకూ రాయండి. ఆ ఓవెన్ అమ్మితే మర్నాడు ఈ ఇంట్లో ఏం వండాలో కూడా రాయండి.

సాయిసుధ

*

పొలసర
27 మే 2025

సుధకి,

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో మామ సొమ్ము కోడలు అమ్ముకుంటోంది, పైగా నికరం అంటోంది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండింది. నువ్వు అబద్ధం చెప్పి ఉంటే ఇంత మండేది కాదు. నువ్వు రాసింది నిజమని నువ్వే నమ్ముతున్నావు.

నేను ఎనిమిదో ఏట నుంచి నాన్న గల్లా పక్కన కూర్చున్నదాన్ని. నాకు చదువు పెద్దగా రాకపోయినా ఒక లెక్క వచ్చు. కొన్న ధర తెలియకుండా అమ్మకం ధర చెప్పేవాడిని మా తాతగారు కొట్టు మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. నువ్వు క్రీము లెక్క కట్టావు, అట్టపెట్టె లెక్క కట్టావు. మైదా ఏదీ? పంచదార ఏదీ? నూట నలభై రూపాయల పాల డబ్బా గురించి నాకు గొప్పగా రాశావు కదా, నెలకి ఎన్ని డబ్బాలు వాడావో, ఆ డబ్బు ఎవరు పెట్టారో నీ లెక్కలో ఎక్కడుంది? ఊరికే వచ్చిన సరుకుతో వంద రూపాయలు తగ్గించి అమ్మితే డెబ్భై ఏమిటి, ఏడు వందల మంది కొంటారు. ప్రతి కేకుకీ మా నాన్న తన జేబులోంచి వంద పెట్టి ఊరందరి పుట్టినరోజులూ చేస్తున్నారు.

నాన్న అలాగే అంటారు, నాకు తెలుసు. ఇంటి ఆడదాని చేతిలోంచి డబ్బు తీసుకుంటే లక్ష్మి వెళ్లిపోతుందని తాతగారి నుంచి వచ్చిన మాట. కానీ ఆ మాట ఎప్పటిది? ఇంటి ఆడది కొట్టు సరుకుతో వంట మాత్రమే చేసిన రోజులది. దాంతో వ్యాపారం చేస్తుందని వాళ్లు కలగనలేదు. నువ్వు చదువుకున్నదానివి, ఆయన వద్దన్నారని హాయిగా మోసుకుపోయావా?

చిట్టా తియ్యి. ఇంటి వాడకం పద్దు చూడు. నీ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, మైదా నుంచి యాలక్కాయ దాకా ధర వేసి చూడు. ఆ తర్వాత కూడా పదిహేను వేలు మిగిలితే నేను బరంపురం వచ్చి నీకు క్షమాపణ చెబుతాను. మిగలకపోతే ఓవెన్ దసరాలోగా వెళ్లాలి.

విజయ వదిన

*

బరంపురం
28 జూన్ 2025

వదినకి,

మిగలలేదు.

రజొ పండగకి ఒడియా ఇళ్ల నుంచి పొడొపిఠా రొట్టెలు కాల్చి ఇమ్మని వచ్చిన ఆర్డర్లు అయిపోగానే చిట్టా తీశాను. నెలకి పదకొండు వేల తొమ్మిది వందల సరుకు. అందులో సగం ఆ పాల డబ్బాలే. నా పదిహేను వేలలో నిజంగా నావి మూడు వేల వంద. పది నెలలకి లక్షా పంతొమ్మిది వేల సరుకు నేను మీ నాన్నగారి కొట్లోంచి తిన్నాను. ఏజెంటు బాకీలో సగం నాదే. నెలంతా నిలబడి నడుం విరగ్గొట్టుకుని, ఇల్లు నేనే నడుపుతున్నానని గర్వపడి, చివరికి చేసింది ఇది. సిగ్గుతో, కోపంతో రెండు రోజులు అన్నం సహించలేదు. మీ మీద కూడా కోపమే, ఎందుకంటే మీరు చెప్పింది నిజం.

అందరికన్నా మామయ్య మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ మర్యాద నన్ను గుడ్డిదాన్ని చేసింది. మూడో రోజున, ఈ నెల సరుకుకని, పదకొండు వేల తొమ్మిది వందలూ పట్టుకెళ్లి గల్లా బల్ల మీద పెట్టాను. ఆయన ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టారు. కొట్లో ముగ్గురు కొనేవాళ్లున్నారు. "మామయ్యా, ఇయి తీసుకోకపోతే రేపటినుంచి ఎదురు కొట్లో కొంటాను, ఊరంతా సూస్తాది" అన్నాను. నేను ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన డబ్బు తీసుకున్నారు. బయటివాళ్లకి రాసినట్టే నా పేరుతో రసీదు రాసిచ్చారు.

కేకు ధర మూడు వందల ఎనభై చేశాను. నెలకి డెబ్భై వచ్చే ఆర్డర్లు ఈ లెక్కన ముప్ఫై ఎనిమిదికి పడిపోతాయి. పాత గిరాకీలు ఫోన్లు చేసి తిడుతున్నారు. కానీ ఇప్పుడు మిగిలేది, అన్నీ పోను ఆరు వేల చిల్లర, ఎవరి జేబులోంచీ రావడం లేదు. ఓవెన్ నేను అమ్మను. లక్షా పంతొమ్మిది వేలూ నెలకింత చొప్పున కొట్టుకి కట్టేస్తానని మామయ్యకి రాసిచ్చాను.

ఇంకో సంగతి. చిట్టాలో ఇంటి వాడకం కింద ఉన్నది నా పేరు ఒక్కటే కాదు. నెల మొదట్లో ప్రతిసారీ "విజయ" అని ఉంది. బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, సబ్బులు. పోయిన ఏడాది మొత్తం కూడితే యాభై నాలుగు వేలు. అంతకు ముందువి చూడలేదు. నా దగ్గర లెక్క అడిగిన మీరే ఆ సంచి లెక్క కూడా చెబుతారని ఎదురుచూశాను. చెప్పలేదు. నా దగ్గర తీసుకుంటే అందరి దగ్గరా తీసుకోవాలని మామయ్యతో అన్నాను. ఆయన మీ పేరు ఉన్న వరసల కింద పెన్సిలుతో గీత గీశారు. తర్వాత మీ తమ్ముడిని పిలిచి ఒకటో తారీకున సంచి కట్టొద్దన్నారు.

కొట్టు మునగకుండా ఉండాలని కోరింది మీరే. తిలా పాపం తలా పిడికెడు.

సాయిసుధ

*

పొలసర
8 జూలై 2025

సుధా,

నీ ఉత్తరం నాకు అయిదో తారీకున అందింది. అంతకు ముందే, ఒకటో తారీకున, నేను బస్టాండులో గంటన్నర నిలబడ్డాను. పైడన్న దిగి, సంచి ఇవ్వలేదమ్మా అని అందరి ముందూ గట్టిగా చెప్పాడు. పక్కింటి జగ్గమ్మ అక్కడే ఉంది. ఖాళీ చేతులతో ఆమె వెనకాలే నడిచి ఇంటికి వచ్చాను.

నువ్వు నన్ను దొంగలా పద్దులో పట్టుకున్నానని సంతోషపడుతున్నావు కాబట్టి, ఎవరికీ చెప్పని మాట చెబుతాను. మా ఆయన, అదే మీ అన్నయ్యగారు, గాజుల కొట్టు మూసేసి రెండేళ్లయింది. ఇప్పుడు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నారు, తొమ్మిది వేలకి. అందులో సగం పిల్ల డిప్లొమా ఫీజుకే పోతుంది. పుట్టింట్లో చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నాన్న దగ్గర ఆయన తలెత్తుకు తిరగాలట. ఆ సంచి మా ముగ్గురికీ నెల తిండి. ఈ నెల జగ్గమ్మ దగ్గర బియ్యం అప్పు తెచ్చాను.

జాలిపడకు. నీ జాలి నాకు అక్కర్లేదు. ఆ సంచి పుట్టింటివాళ్లు వేసిన భిక్ష కూడా కాదు.

పదకొండేళ్ల కింద నీ పెళ్లి మాటలు జరుగుతున్నప్పుడు మీ నాన్నగారు ఒక్క ప్రశ్న అడిగారు. ఇల్లూ కొట్టూ అబ్బాయికి పూర్తిగా వస్తాయా, అక్కకి అందులో వాటా ఉందా అని. తాతగారు కట్టిన ఇల్లు, చట్టప్రకారం నాకూ ఉంది. మర్నాడే నాన్న నన్ను పొలసర నుంచి పిలిపించారు. ముందు గదిలో కూర్చోబెట్టి స్టాంపు కాగితం పెట్టారు. నా వాటా నా తమ్ముడికి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని అందులో రాసి ఉంది. చుట్టాల్లో ఇద్దరు పెద్దలు సాక్షి సంతకాలకి రెడీగా ఉన్నారు. నేను ఆలోచిస్తూ ఉంటే నాన్న, "నాను బతికినన్నాల్లు నీ ఇంటికి నెల సరుకొస్తాది. కూతురికి మాట తప్పుతానేటి? అట్టుకో పెన్ను" అన్నారు. పెట్టాను. ఆ వారంలోనే మీ తాంబూలాలయ్యాయి. నీకు బొట్టు పెట్టింది నేనే, గుర్తుందా?

ఆ సంచి నా సంతకానికి కట్టిన ధర. దాన్ని ఇంటి వాడకం అని రాసుకున్నారన్నమాట. పప్పూ ఉప్పూ కనపడ్డాయి నీకు పద్దులో, ఆ కాగితం కనపడలేదు. నువ్వు ఊరికే సరుకు తిన్నావు. నేను ఇల్లు ఇచ్చి తిన్నాను. ఇద్దరినీ ఒకే వరసలో కూడేశావు చూడు, అది నేను సహించను. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

విజయకుమారి

*

బరంపురం
19 ఆగస్టు 2025

వదినకి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. ఇన్నాళ్లు ఆగింది పౌరుషంతో కాదు, కొన్ని పనులు చేసి రాద్దామని.

ముందు మా నాన్నకి ఫోన్ చేశాను. అలా అడిగారా అంటే, "నీ మంచికే కదమ్మా అడిగేను" అన్నారు. ఈసారి కూడా ఫోను నేనే పెట్టేశాను. నా మంచి కోసం ఇంకో ఆడదాని చేత సంతకం పెట్టించారని పదకొండేళ్లు నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, ఆ గదిలోనే కేకులు కాల్చాను. తెలియక చేసిన తప్పుకి తల దించుకుంటాను గానీ, తెలియకుండా ఉంచినవాళ్లని క్షమించలేను. మిమ్మల్ని నాతో ఒకే పద్దులో కూడింది మాత్రం నా తప్పే.

తర్వాత భోజనాల దగ్గర మామయ్యనే అడిగాను. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. మీ తమ్ముడు అందుకుని, అక్క ఇష్టపడే పెట్టింది, మధ్యలో నీకేటి అన్నారు. అప్పుడు మామయ్య చెయ్యి ఆపి, నిదానంగా, "అది నిజమే. మాటిచ్చేను. పద్దులో ఏటని రాయమంటావు? కూతురి వాటా బియ్యానికి కొన్నానని రాయనా?" అన్నారు. అత్తయ్య లేచి లోపలికెళ్లి, బీరువా తాళంచెవి తెచ్చి నా కంచం పక్కన పెట్టారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ మామయ్య మాట కాదని నా పక్కన నిలబడటం మొదటిసారి చూశాను.

కాగితం దొరికింది. ఛత్రపూర్ కోర్టులో వకీలు గౌరిగారు నెలనెలా నా దగ్గర బిస్కెట్లు తీసుకుంటారు. ఆవిడకి చూపించాను. అది రిజిస్టరు కాలేదు. ఉత్తి స్టాంపు కాగితం మీద సంతకాలు. తాతగారి ఆస్తిలో కూతురి వాటా ఇలాంటి కాగితంతో పోదని, అడిగితే మీకు వస్తుందని ఆవిడ స్పష్టంగా చెప్పారు. నకలు ఇందులో పెడుతున్నాను. అడగాలా వద్దా మీ ఇష్టం. మీరు అడిగితే నా కొడుక్కి వచ్చేది సగమవుతుంది. తెలిసే పంపుతున్నాను. వాడికి ఊరికే వచ్చింది తినడం నేర్పను.

ఇక ఓవెన్. నేను కొట్టుకి నగదు కట్టడం చూసి ఏజెంటు మెత్తబడ్డాడు. నెలకి పదివేలు కడితే సరుకు ఆపనన్నాడు. రెండు నెలలు కట్టాం కూడా. అంటే ఓవెన్ అమ్మాల్సిన అవసరం పోయింది. అయినా మీ తమ్ముడు ఖల్లికోటలో ఒక మిఠాయి కొట్టువాడితో ఇరవై ఎనిమిది వేలకి బేరం కుదిర్చారు. దసరా ముందు వచ్చి పట్టుకుపోతాడట. బాకీ కోసమా అని అడిగితే, "ఇంట్లో శాంతి కోసం. అది ఉన్నన్నాల్లూ నువ్వు లెక్కలడుగుతావు" అన్నారు. ఇల్లు నాది, గది నాది, అందులో ఏం ఉండాలో నేను చెబుతానన్నారు. ఓవెన్ నా డబ్బుతో కొన్నదే గానీ, దాన్ని పెట్టుకోవడానికి నాకు సొంతంగా జానెడు చోటు లేదు. బయట గది అద్దెకి అడిగాను, అయిదు వేలూ మూడు నెలల అడ్వాన్సూ అన్నారు. నాకు మిగిలేది ఆరు వేలు.

మామయ్య నిన్న తనే ఒక సంచి నింపి పైడన్నకి ఇచ్చారు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయిసుధ

*

పొలసర
4 సెప్టెంబరు 2025

సుధకి,

సంచి నిండుగానే వెనక్కి పంపాను. కట్టు కూడా విప్పలేదు. నాన్నతో చెప్పు, నేను అమ్మిన సరుకు, అంటే నా వాటా, వెనక్కి తీసుకుంటున్నాను కాబట్టి ఆయన డబ్బు ఆయనకి వెళ్లిపోవాలి. ఆయనకి ఈ భాష అర్థమవుతుంది.

కాగితం నకలు మీ అన్నయ్యగారి ముందు పెట్టి, ఒట్టు తీసి గట్టున పెట్టాను. మొదట వద్దన్నారు. మామగారి మీద వాటాకి వెళ్తే ఊళ్లో మొహం ఎలా చూపిస్తామన్నారు. "ఒకటో తారీకున బస్టాండులో నిలబడి సూడండి, మొహం సంగతి తెలుస్తాది" అన్నాను. నిన్న తనే ఎరువుల కొట్లో సెలవు అడిగి వచ్చారు. వచ్చే గురువారం ఇద్దరం ఉదయం బస్సుకి వస్తున్నాం. అక్కణ్ణుంచి నన్ను ఛత్రపూర్ తీసుకెళ్లి గౌరిగారి ముందు కూర్చోబెట్టే పూచీ నీది.

నాన్నని కొట్లోంచి లేపాలని నాకు లేదు. ఆయన ఉన్నంతకాలం కొట్టు ఆయనదే, దాని అద్దె నేను అడగను. అమ్మ వంటిల్లు జోలికీ రాను. నాకు ఆ కొట్టు పక్క గది కావాలి, దాని మీద ఉన్న మేడగది కావాలి. వంతులు పంచితే నాకు వచ్చేది అంతకన్నా ఎక్కువే, వకీలమ్మ లెక్క కట్టి చెబుతుంది. మిగతాది తర్వాత చూసుకుంటాను. ఈ మాట హేముకి నిన్న ఫోన్లో చెప్పాను. అక్కా నీకేమైనా పిచ్చెక్కిందా అన్నాడు. ఖల్లికోట మిఠాయి కొట్టువాడి నంబరు అడిగితే ఇవ్వలేదు. ఊళ్లో మిఠాయి కొట్లు ఎన్నుంటాయి, మూడు. మూడింటికీ చేశాను. రెండోవాడు దొరికాడు. ఆ ఓవెన్ ఉన్న గదికి యజమానురాలిని నేను, నా వాకిలి దాటి అది బయటికి వెళ్లదు, లారీ తెచ్చావా నీకు డీజిల్ ఖర్చు తప్ప ఏమీ మిగలదని చెప్పాను. వాడు బేరం వదిలేశాడు.

దీన్ని చూసి నా కోపం చల్లారిందనుకోకు. లక్షా పంతొమ్మిది వేల సరుకు తిన్న సంగతి నేను మర్చిపోను. నా సంచి ఆపించిన సంగతి అసలే మర్చిపోను. కాగితం పంపినందుకు నీకు దండం పెట్టాలని కూడా నాకు అనిపించడం లేదు, అది నీ బీరువాలోది కాదు, నాది. గురువారం నాకు ఎదురొచ్చి ఏడవకు. నేనూ ఏడవను.

గది అద్దె నెలకి రెండు వేల అయిదు వందలు. బయట అయిదు వేలన్నారని నువ్వే రాశావు కాబట్టి బేరమాడకు. అడ్వాన్సు అక్కర్లేదు. కరెంటు బిల్లు నీదే. డబ్బు నాన్న చేతికి వద్దు, హేము చేతికి అసలే వద్దు, నా బ్యాంకు ఖాతాలో అయిదో తారీకులోగా పడాలి. ప్రతి నెలా రసీదు రాసి పంపుతాను, దాచుకో. రేపు ఎవరైనా ఓవెన్ తియ్యమంటే వాళ్ల మొహం ముందు ఆ రసీదు పెట్టు. ఒక్క నెల ఆలస్యమైనా నేనే వచ్చి ఖాళీ చేయిస్తాను, మరదలివని చూడను.

విజయకుమారి